తాళం వేసిన ఇంటికి లెక్క ఎవరిది?

కోయంబత్తూరులో బంధువులున్న మన సరిహద్దు పల్లెల వారికి ఆర్.ఎస్. పురం పేరు కొత్తది కాదు. దివాన్ బహదూర్ రోడ్డులోని బట్టల దుకాణాలు, తడాగం రోడ్డు రద్దీ, రైతుబజారు, పూలమార్కెట్టు అందరూ చూచినవే. ఆ పెద్ద రోడ్ల నుండి ఒక్క మలుపు తిరిగి లోపలి వీధులలోనికి పోతే కనబడేది వేరు. మంగళూరు పెంకు కప్పిన పాత బంగళా, దాని చుట్టూ నాలుగు కొత్త అపార్టుమెంట్లు. బంగళా గేటుకు తుప్పు పట్టిన తాళం, ప్రహరీ సందులో మొలిచిన రావిమొక్క, ఆవరణలో పొరుగువారు విసిరిన చెత్త. కొన్ని ఇండ్ల తలుపుపై బ్యాంకు అంటించిన స్వాధీన ప్రకటన వానకు తడిసి వెలిసిపోయి ఉంటుంది. ఈ ఇల్లు ఎవరిది, ఎవరి అధీనంలో ఉన్నది, దోమలు పెరిగితే ఎవరిని పిలవవలెను అని పక్కింటివారిని అడిగితే చెప్పలేరు. కార్పొరేషన్ కార్యాలయంలో అడిగినా పన్ను పుస్తకంలో ఉన్న పేరు మాత్రమే చెప్పగలరు. ఆ పేరు గల వ్యక్తి గతించి ఎన్నేండ్లయినదో ఆ పుస్తకంలో ఉండదు.

ఖాళీ ఇండ్లను, బ్యాంకులు స్వాధీనపరచుకొన్న ఆస్తులను స్థానిక సంస్థ వద్ద నమోదు చేయించే పద్ధతి కొన్ని దేశాలలో ఇరవయ్యేండ్లుగా అమలులో ఉన్నది. అట్టిది మన పట్టణాలకు, మన పంచాయతీలకు అవసరమా, అవసరమైతే ఏ రూపంలో అన్నది ఇప్పటి ప్రశ్న. ఇది కేవలం నగరవాసుల సమస్య అని తోసిపుచ్చరాదు. బెంగుళూరుకు, హోసూరుకు, తిరుప్పూరుకు పనికి వెళ్ళిన కుటుంబాలు తాళం వేసి వదలిన ఇండ్లు మన ప్రతి పల్లెలోనూ ఉన్నాయి.

ముందుగా ఆర్.ఎస్. పురం పుట్టుక తెలుసుకోవాలి. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాలలో కోయంబత్తూరును ప్లేగు పలుమార్లు పీడించింది. ఇరుకైన పాతపేటను వదలి, వెడల్పైన వీధులతో, గాలి వెలుతురుల కోసం వేసిన కొత్త వసతి ప్రాంతమిది. పురపాలక సంఘ అధ్యక్షునిగా పనిచేసి, శిరువాణి నీటి పథకంతో పేరు ముడిపడిన సి.ఎస్. రత్నసభాపతి మొదలియారు పేరే రత్నసభాపతిపురం, అదే ఆర్.ఎస్. పురమైంది. ఎలుకలకు, రోగానికి భయపడి కట్టుకొన్న పేట అది. ఆ పేటలోనే ఇప్పుడు కొన్ని ఇండ్లు ఎలుకలకు నిలయం కావడం విచిత్రం. మరొక చిన్న మాట: ఇక్కడ ఒక రోడ్డు పేరు భాష్యకార్లు రోడ్డు. చివరనున్న ఆ 'లు' ఎక్కడినుండి వచ్చిందో తెలుగువారికి వేరుగా చెప్పనక్కరలేదు.

కోయంబత్తూరు తెలుగువారి పాత్ర ఇక్కడితో ఆగదు. 1910లో లక్ష్మీ మిల్లులను ప్రారంభించిన జి. కుప్పుస్వామి నాయుడు, 1926లో ధర్మసంస్థను నెలకొల్పిన పి.ఎస్.జి. కుటుంబం, యంత్రనిర్మాణంలో పేరు గడించిన జి.డి. నాయుడు అందరికీ తెలిసినవారే. నేతపనితో జీవించిన దేవాంగులు, వీధులు ఊడ్చి నగరాన్ని నిలబెట్టిన అరుంధతీయులు కూడా ఈ నగరపు తెలుగువారే. మిల్లులతో వచ్చిన సంపద బంగళాలైంది. చిన్న వర్కుషాపులతో, పంపుల తయారీతో వచ్చిన సంపద తరువాతి తరపు మేడలైంది. వాటిలో కొన్నింటికి తాళం ఎందుకు పడింది అన్నదే మన విచారణ.

మొదటి కారణం వారసత్వం. తాత కట్టిన ఇంటికి అయిదారుగురు వారసులు. ఒకరు చెన్నైలో, ఒకరు అమెరికాలో, ఒకరు అదే నగరంలో వేరే ఇంట్లో. ఆడపిల్లలకు పూర్వీకుల ఆస్తిలో సమాన హక్కును ఆంధ్రప్రదేశ్ 1985 నుండి, తమిళనాడు 1989 నుండి, దేశమంతటా 2005 నుండి చట్టం ఇచ్చింది. తండ్రి ఆ తేదీకి బ్రతికి ఉన్నాడా లేదా అన్న మెలికను 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తొలగించింది. ఈ హక్కు న్యాయమైనదే, ఆలస్యంగా వచ్చినదే. కాని పంపకం జరుగక కోర్టుకెక్కితే దావా తేలేవరకు ఆ ఇంట్లో ఎవరూ దీపం పెట్టరు. ఎవరైనా మరమ్మతు చేయిస్తే తానే యజమానినని చాటుకొంటున్నాడని మిగిలినవారికి అనుమానం. అందువలన ఎవరూ చేయించరు.

రెండవది అద్దె భయం. 1960 నాటి తమిళనాడు అద్దె నియంత్రణ చట్టం కింద కిరాయిదారు ఒకసారి ప్రవేశిస్తే లేవడని యజమానులలో పాతుకొన్న నమ్మకం. ఆ చట్టాన్ని రద్దు చేసిన 2017 చట్టం 2019 ఫిబ్రవరిలో అమలులోనికి వచ్చింది. రాతపూర్వక ఒప్పందం, దాని నమోదు తప్పనిసరి అయినాయి. చట్టం మారినా భయం మారలేదు. 2011 జనగణన ప్రకారం దేశపు పట్టణాలలో ఖాళీగా ఉన్న ఇండ్లు 1 కోటి 10 లక్షలు. ఇంటికోసం అలమటించే కుటుంబాలు ఒక వైపు, తాళాలు ఒక వైపు అన్నమాట.

మూడవది, అన్నిటికన్నా బాధాకరమైనది, అప్పు. కోయంబత్తూరు చిన్న పరిశ్రమల ఊరు. పంపుల విడిభాగాలు, పోతపని, నూలు వడకడం, జాబ్‌వర్కు, ఇవన్నీ బ్యాంకు అప్పుపైన నడిచేవి. వాటికి హామీగా పెట్టినది చాలా సందర్భాలలో యజమాని ఇల్లే. 2008 నుండి 2012 దాకా నడచిన కరెంటు కోతలు, 2016లో నోట్ల రద్దు, 2017లో జీఎస్టీ మార్పు, 2020లో కరోనా ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. 2020 మార్చిలో జాతీయ టెక్స్‌టైల్ కార్పొరేషన్ మిల్లులు కూడా ఆగిపోయాయి. నిలదొక్కుకోలేని చిన్న యజమాని తొలుత వర్కుషాపును, ఆపైన ఇంటిని పోగొట్టుకొన్నాడు.

ఇల్లు పోయే క్రమాన్ని కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే సరిహద్దు పల్లెలలో సైతం ఇంటిపై అప్పు తీసుకొన్న కుటుంబాలు హెచ్చుగా ఉన్నాయి. 2002లో కేంద్రం చేసిన సర్ఫేసీ చట్టం ప్రకారం బ్యాంకు కోర్టుకు పోకుండానే తాకట్టు ఆస్తిని స్వాధీనపరచుకోవచ్చు. 90 రోజులు వాయిదా నిలిచిపోతే ఖాతా మొండిబాకీ అవుతుంది. తరువాత 60 రోజుల గడువుతో నోటీసు. దానికి బాకీదారు అభ్యంతరం తెలిపితే బ్యాంకు 15 రోజులలో కారణాలతో బదులివ్వాలి. గడువు ముగిసిన పిమ్మట స్వాధీన ప్రకటన తలుపునకు అంటిస్తారు. రెండు పత్రికలలో, అందులో ఒకటి ప్రాంతీయ భాషలో, వేస్తారు. ఇది తరచు కాగితపు స్వాధీనం మాత్రమే. కుటుంబం ఇంకా లోపలే ఉంటుంది. నిజంగా ఖాళీ చేయించడానికి జిల్లా మేజిస్ట్రేటు ఉత్తర్వు తెచ్చుకొంటారు. బ్యాంకు చర్యపై 45 రోజులలో రుణ వసూళ్ళ ట్రిబ్యునల్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ ట్రిబ్యునల్ కోయంబత్తూరులోనే ఉన్నది. దరఖాస్తుకు ముందే బాకీలో 75 శాతం కట్టాలన్న నిబంధనను 2004లో మార్డియా కెమికల్స్ కేసులో సుప్రీంకోర్టు కొట్టివేసింది. సాగుభూమి ఈ చట్టం పరిధిలోనికి రాదు; లక్ష రూపాయలకు మించని బాకీకీ, అసలు వడ్డీలలో 20 శాతం కన్నా తక్కువ మిగిలిన బాకీకీ ఇది వర్తించదు. ఈ మూడు మినహాయింపులు తెలియక భయపడి తక్కువ ధరకు అమ్ముకొన్నవారున్నారు.

ఇక తాళంచెవి బ్యాంకు చేతికి వచ్చిన తరువాత ఏమి జరుగుతుంది? ఇక్కడ చట్టం మౌనంగా లేదు. 2002 నాటి అమలు నియమాలలో ఎనిమిదవ నియమం ప్రకారం, స్వాధీనంలో ఉన్న ఆస్తిని సామాన్య వివేకం గల యజమాని తన సొత్తును చూచుకొన్నట్లు బ్యాంకు అధికారి చూచుకోవాలి. అమ్ముడయ్యేవరకు దాని రక్షణకు చర్యలు తీసుకోవాలి, అవసరమైతే బీమా చేయించాలి. అంటే పైకప్పు కారితే, గోడ ఒరిగితే, తొట్టిలో నీరు నిలిస్తే బాధ్యుడు ఉన్నాడు. కాని ఆ బాధ్యుని పేరు పక్కింటివారికి తెలియదు, కార్పొరేషన్‌కు తెలియదు. వేలానికి గిరాకీ రాక మళ్ళీ మళ్ళీ ప్రకటన వేసే ఇల్లు ఏండ్ల తరబడి అలాగే ఉండవచ్చు. బాధ్యత ఉండి చిరునామా లేకపోవడమే ఈ సమస్యకు మూలమని మా అభిప్రాయం.

దీనికి అమెరికా పట్టణాలు కనుగొన్న మందు నమోదు. డెలావేర్ రాష్ట్రంలోని విల్మింగ్టన్ నగరం 2003లోనే ఖాళీ భవనాలకు ఏటేటా పెరిగే రుసుము విధించింది: ఒక్క సంవత్సరం ఖాళీగా ఉంటే 500 డాలర్లు, పదేండ్లకు 5,000 డాలర్లు. కాలిఫోర్నియాలోని చూలా విస్టా 2007లో ఒక అడుగు ముందుకు వేసి, వాయిదాలు నిలిచి ఖాళీ అయిన ఇంటిని అప్పిచ్చిన సంస్థే నమోదు చేయాలనీ, గడ్డి కోయించడం, కావలి ఏర్పాటు దాని బాధ్యతేననీ శాసించింది. మరుసటి సంవత్సరం గృహరుణ సంక్షోభం ముంచుకొచ్చి వీధులకు వీధులే ఖాళీ అయినప్పుడు వందలాది పట్టణాలు ఈ దారి పట్టాయి. మన తెలుగు కుటుంబాలు అధికంగా స్థిరపడిన ఎడిసన్ పట్టణమున్న న్యూజెర్సీలో 2022 జనవరిలో సంతకమైన చట్టం, జప్తు దావాలో ఉన్న ఆస్తికి ఏటా 500 డాలర్ల వరకు, అది ఖాళీగా ఉంటే అదనంగా 2,000 డాలర్ల వరకు అప్పిచ్చిన సంస్థ నుండి వసూలు చేసే అధికారం పట్టణాలకు ఇచ్చింది. జపానుది వేరొక దారి. అక్కడ 2023 సర్వేలో దాదాపు 90 లక్షల ఖాళీ ఇండ్లు తేలాయి. ప్రమాదకరంగా వదిలేసిన ఇంటికి, నివాసస్థలానికిచ్చే భూమిపన్ను రాయితీని తొలగించే వీలు 2015 చట్టం కల్పించింది.

ఈ విదేశీ నమూనాలను యథాతథంగా దిగుమతి చేసుకోవాలని మేము చెప్పడం లేదు. అక్కడ కూడా కొన్ని పట్టణాలకు నమోదు రుసుము ఒక ఆదాయ మార్గమైపోయింది. పని ప్రైవేటు కంపెనీలకు అప్పగిస్తే వాటి దృష్టి వసూలుపైనే నిలుస్తుందన్న విమర్శ ఉన్నది. మన వద్ద లంచం కూడా తోడవుతుంది. ఏ బిల్లు కలెక్టరు చేతికైనా 'ఖాళీ' అనే ముద్ర ఇచ్చి, దానికి జరిమానా తగిలిస్తే, పిల్లల వద్దకు ఆరు నెలలు వెళ్ళివచ్చిన వృద్ధ దంపతుల ఇల్లు కూడా ఆ జాబితాలో చేరదని ఎవరు హామీ ఇవ్వగలరు?

అయినా మన పన్ను చరిత్రలో ఖాళీ ఇంటి నమోదు కొత్తది కాదు. ఉమ్మడి మద్రాసు రాష్ట్రపు 1920 జిల్లా మునిసిపాలిటీల చట్టంలోనే ఖాళీ రాయితీ అనే ఏర్పాటు ఉండేది. ఇల్లు ఖాళీగా ఉన్నదని యజమాని నోటీసు ఇస్తే, ఖాళీ ఉన్న కాలానికి భవనంపై పన్నులో సగం వరకు తగ్గించేవారు. ఆ భావమే ఆంధ్ర పురపాలక చట్టాలలోనూ కొనసాగింది. అనగా ఖాళీ ఇల్లు యజమానికి నష్టం, ఆదుకోవాలి అన్నది ఆనాటి దృష్టి. ఖాళీ ఇల్లు పొరుగువారికి కష్టం అన్నది నేటి దృష్టి. వందేండ్లలో కాసు బొమ్మ నుండి బొరుసుకు తిరిగింది, కాని ఆనాటి ఏర్పాటులో ఒక మంచి ఉన్నది: యజమాని తానే వచ్చి చెప్పుకొనేవాడు, ఎందుకంటే చెప్పుకొంటే లాభం. నేటి నమోదు కూడా భయపెట్టి గాక, ఏదో ఒక మేలు చూపి చేయించవలసినదే.

తమిళనాడులో 2023 ఏప్రిల్ నుండి కోయంబత్తూరు సహా నగరాలన్నిటికీ 1998 నాటి నగర స్థానిక సంస్థల చట్టం, దాని కొత్త నియమాలు వర్తిస్తున్నాయి. ఇంటిపన్ను అర్ధ సంవత్సరానికొకసారి. తొలి నెలలో కడితే 5 శాతం తగ్గింపు, ఆలస్యమైతే నెలకు 1 శాతం వడ్డీ. 2022 ఏప్రిల్‌లో పన్ను పెంచినప్పుడు 600 చదరపు అడుగులలోపు ఇంటికి 25 శాతం, 1,800 అడుగులు మించిన ఇంటికి 100 శాతం పెరిగింది. ఆర్.ఎస్. పురపు పాత బంగళాలు ఈ రెండవ తరగతిలోనివే. కట్టేవారు లేని ఇంటిపై బాకీ పేరుకొంటుంది. కొనేవారు దానిని చూచి వెనుకాడతారు. ఇల్లు ఇంకా ఖాళీగా ఉంటుంది. తొలి సంవత్సరంలో తానుగా వచ్చి నమోదు చేసుకొని, తాళంచెవి గల స్థానిక మనిషి పేరు, ఫోను నంబరు ఇచ్చిన యజమానికి ఆలస్య వడ్డీ మాఫీ చేస్తే కార్పొరేషన్‌కు పోయేది స్వల్పం, వచ్చేది విలువైన సమాచారం.

ఖాళీని గుర్తించడానికి ఇల్లిల్లూ తిరగనక్కరలేదు. తమిళనాడులో రెండు నెలలకొకసారి కరెంటు మీటరు చూస్తారు. 2016 నుండి తొలి 100 యూనిట్లు ఉచితం కావడంతో బిల్లు సున్నా రావడం మామూలే. కాని మీటరే కదలకపోవడం వేరు. వరుసగా మూడు నాలుగు సార్లు కదలని మీటరు ఖాళీ ఇంటికి తిరుగులేని సాక్షి. కేంద్ర ప్రభుత్వం వద్ద తాకట్టు ఆస్తుల నమోదు సంస్థ సెర్సాయ్ 2011 నుండి పనిచేస్తున్నది. ప్రభుత్వ బ్యాంకుల వేలం ఆస్తుల వివరాలు 2025 జనవరిలో ఆరంభమైన బ్యాంక్‌నెట్ పోర్టల్‌లో ఉంటాయి. కరెంటు కార్యాలయానికి తెలుసు, బ్యాంకుకు తెలుసు, రిజిస్ట్రారుకు తెలుసు. పొరుగింటివారి ఫిర్యాదు చేరే కార్పొరేషన్‌కు మాత్రమే తెలియదు. 2027 జనగణనకై జరిపే ఇండ్ల జాబితా దీనికి పనికివస్తుందని కొందరి ఆశ. అది కుదరదు. 1948 జనగణన చట్టం ప్రకారం ఇంటింటి వివరాలు రహస్యం. మొత్తం సంఖ్యలే బయటికి వస్తాయి.

నమోదు చేయవలసినది ఎప్పుడు అన్నది అన్నిటికన్నా సున్నితమైన విషయం. 60 రోజుల నోటీసు వచ్చిన నాడే కుటుంబం పేరు కార్పొరేషన్ గోడకెక్కితే ఆ ఇంటి ఆడపిల్ల పెండ్లి సంబంధం ఆగుతుంది, అప్పు పుట్టదు, ఇల్లు మంచి ధరకు అమ్ముకొనే అవకాశం కూడా పోతుంది. కనుక అప్పును బట్టి గాక తాళాన్ని బట్టి నమోదు జరగాలి. కుటుంబం లోపల ఉన్నంతకాలం ఆ ఇల్లు జాబితాలో ఉండరాదు. తాళంచెవి బ్యాంకు చేతికి వచ్చిన పదిహేను రోజులలోగా బ్యాంకు తన అధికారి పేరు, ఫోను నంబరు గేటుపై, కార్పొరేషన్‌లో ఉంచాలి. గతించినవారి పేర్లు బయట పెట్టనక్కరలేదు, బాకీ మొత్తం చెప్పనక్కరలేదు.

ఇంత పట్టింపు దేనికి అనేవారికి ఒక సంఘటన గుర్తు చేయాలి. 2019 డిసెంబరు 2 తెల్లవారుజామున, కోయంబత్తూరు జిల్లా మేట్టుపాళయం వద్ద నడూరులో భారీ వర్షానికి ఒక ప్రైవేటు ప్రహరీ కూలి పక్కనున్న ఇండ్లపై పడి 17 మంది నిద్రలోనే మరణించారు. చనిపోయినవారు అరుంధతీయ కుటుంబాలవారు. కొంగునాట ఆ సముదాయంలో అనేకులకు ఇంటి భాష తెలుగు. అది ఖాళీ ఇంటి గోడ కాదు. యజమాని ఉన్న ఇంటి గోడ. యజమాని కళ్ళ ముందున్నప్పుడే గోడకు జవాబుదారీ లేకపోతే, యజమాని ఎవరో తెలియని గోడ పక్కన కాపురముండేవారి గతి ఏమిటి? ఆర్.ఎస్. పురంలోనైనా ఖాళీ బంగళా వెనుక సందులో ఉండేది పనిమనుషులు, ఇస్త్రీబండివారు, పారిశుద్ధ్య కార్మికులే. 2017లో రాష్ట్రమంతటా డెంగీ విజృంభించినప్పుడు దోమలు పెరిగిన ఇండ్లకు జరిమానాలు వేశారు. తలుపు తట్టితే తీసేవారున్న ఇంటికి నోటీసు అందుతుంది. తాళానికి ఎవరు అందిస్తారు?

మన పల్లెల సంగతి. కుప్పం, పలమనేరు, గుడియాత్తం, హోసూరు చుట్టుపక్కల ఊళ్ళలో తాళం పడిన ఇంటికి పామే కాపలా అని పరిహాసంగా అంటారు గాని, ఒరిగిన మట్టిగోడ పక్కన పిల్లలాడుకోవడం పరిహాసం కాదు. 2020లో మొదలైన స్వామిత్వ పథకం కింద గ్రామకంఠంలోని ఇండ్లను డ్రోనుతో కొలిచి ఆస్తి కార్డులిచ్చే పని సాగుతున్నది. ఆ జాబితాలో 'నివాసముంటున్నారా, లేనిచో ఊరిలో బాధ్యులెవరు' అన్న ఒక్క గడి చేర్చడానికి కొత్త చట్టం అవసరం లేదు; గ్రామసభ తీర్మానం చాలు. దూరాన ఉన్నవారు తమ అన్నదమ్ములలోనో, మేనమామలలోనో ఒకరి పేరు పంచాయతీ కార్యదర్శికి రాసిస్తే పని అయిపోతుంది. ఉమ్మడి ఆస్తి అయితే అందరి సంతకాలతో, 'ఈ మరమ్మతు వలన ఎవరి వాటా మారదు' అని ఒక మాట చేర్చి రాసుకోవడం మంచిది. పైన చెప్పిన అనుమానానికి అదే విరుగుడు.

ఖాళీ ఇల్లు చౌకగా వస్తున్నదని బ్యాంకు వేలానికి పోదలచినవారికి రెండు మాటలు. వేలం 'ఉన్నది ఉన్నట్లు' పద్ధతిపై జరుగుతుంది. పాత కరెంటు బాకీని వేలంలో కొన్నవారి నుండి రాబట్టవచ్చునని 2023 మేలో కె.సి. నినాన్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కాబట్టి ఈసీ ఒక్కటే చాలదు. ఇంటిపన్ను, నీటిపన్ను, కరెంటు బాకీల రసీదులు ముందుగా అడగాలి. ఇక ఇల్లు పోతున్న కుటుంబానికి: వేలం ప్రకటన పత్రికలో వెలువడే లోపుగానే బాకీ మొత్తం చెల్లించి ఇంటిని విడిపించుకోవాలి. ఆ తరువాత ఆ హక్కు నిలవదని అదే సంవత్సరం సెప్టెంబరులో సెలిర్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. వేలం రోజు వరకు గడువు ఉన్నదనుకొని ఊరికే ఉంటే ఇల్లు చేజారుతుంది.